మునగని పడవ నిజంగా మునగదా? మెక్‌గ్రెగర్ 26ఎం గురించి నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. మెక్‌గ్రెగర్ 26ఎం కొనొచ్చా అంటే కొనొచ్చు. లోపల పెట్టిన ఫోమ్ (నీళ్లలో తేలే థర్మాకోల్ దిమ్మెలు) ఉండాల్సిన చోట ఉంటే, పడవ నిండా నీళ్లు వచ్చినా అడుక్కి పోదు, ఆ మాట నిజమే. కానీ పడవ మునగకపోవడం వేరు, అందులో ఉన్నవాళ్లు క్షేమంగా ఒడ్డుకి రావడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఇక్కడ డాలస్‌లో మన తెలుగువాళ్లలోనే నాకు తరచూ తగులుతున్నారు. "అన్నా, అది మునగదంట కదా, పిల్లలతో వెళ్లినా టెన్షన్ లేదు కదా" అని ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకేచోట రాస్తే మేలనిపించింది.

ఈ పడవ సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. పొడవు 25 అడుగుల 10 అంగుళాలు. తెరచాప పడవే, కానీ వెనక 50 హార్స్‌పవర్ మోటారు తగిలించుకోవచ్చు, లోపల పడుకోవడానికి బెర్తులు, చిన్న సింకు, మూలన టాయిలెట్ గది ఉంటాయి. కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో రోజర్ మెక్‌గ్రెగర్ కంపెనీ చేసేది. అంతకుముందు 26ఎక్స్ అనే మోడల్ ఉండేది, దాని తర్వాత వచ్చింది ఈ 26ఎం. 2013లో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. ఖాళీగా ఉంటే సుమారు 2,550 పౌండ్లు, కాస్త బలమైన ఎస్‌యూవీ ఉంటే ట్రైలర్ మీద లాక్కెళ్లిపోవచ్చు. మెరీనాలో (పడవలు నిలిపే రేవులో) నెలనెలా చోటుకి అద్దె కట్టే పని లేదు, ఈ వారం లూయిస్‌విల్ లేక్, వచ్చే నెల టెక్సోమా లేక్ అని ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు.

ఇంత తేలికైన పడవ గాలికి ఒరిగి పడిపోకుండా ఎలా నిలబడుతుంది? అడుగున ట్యాంకు ఉంది. పడవని నీళ్లలోకి దించాక వెనక వాల్వ్ తెరిస్తే ఆ లేక్ నీళ్లే 1,150 పౌండ్ల దాకా లోపలికి వచ్చి చేరతాయి. దానికి తోడు ఎప్పుడూ ఉండే 300 పౌండ్ల బరువు అడుగున ఉంటుంది. ఇంటికి బయల్దేరేటప్పుడు ర్యాంప్ (పడవని నీళ్లలోకి దించే వాలు దారి) మీద వాల్వ్ తెరిచి నీళ్లు వదిలేస్తే మళ్లీ తేలికైపోతుంది. ఈ ఏర్పాటు రోడ్డు మీద లాగడానికే అనుకుంటారు చాలామంది. మునగకపోవడానికి కూడా అసలు కీలకం ఇదే.

ఎలాగంటే, ఏ వస్తువైనా నీళ్లలో మునిగాక దాని బరువు ఎంత మిగులుతుందన్నదే మొత్తం లెక్క. ఇనుము నీళ్లలో ఉన్నా దాదాపు 87 శాతం బరువు అలాగే ఉంటుంది, సీసమైతే 91 శాతం. ఫైబర్‌గ్లాస్ మాత్రం సుమారు మూడో వంతుకు పడిపోతుంది. మరి నీళ్లలో నీళ్ల బరువు? సున్నా. ఇటువైపు ఒక ఘనపు అడుగు ఫోమ్ సుమారు 60 పౌండ్లని పైకి మోస్తుంది. అంటే వెయ్యి పౌండ్ల సీసం కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) ఉన్న పడవని తేల్చాలంటే ఆ కీల్ ఒక్కదానికే 15 ఘనపు అడుగుల ఫోమ్ కావాలి, అంత చోటు క్యాబిన్‌లో పోతే బెర్తు కింద సామాను పెట్టుకోవడానికి ఇక ఏమీ మిగలదు. అందుకే ఆ సైజులో సీసం కీల్ ఉన్న పడవల్లో చాలావాటికి ఫోమ్ పెట్టరు, నీళ్లు నిండితే ఆ కీలే కిందికి లాగేస్తుంది. మెక్‌గ్రెగర్‌లో బ్యాలస్ట్ (పడవని నిలబెట్టే అడుగు బరువు) ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి దాన్ని తేల్చడానికి ఒక్క ముక్క ఫోమ్ కూడా అక్కర్లేదు. ఫైబర్‌గ్లాస్‌కి, మోటారుకి, ఆ 300 పౌండ్లకి, సామానుకి సరిపడా ఉంటే చాలు. ఇంత సింపుల్‌గా, ఇంత తక్కువ ఖర్చుతో ఆలోచించినవాళ్లని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

కంపెనీ పాత బ్రోషర్లలో ఒక ఫోటో ఉండేది, లోపల నిండా నీళ్లు, పైన మనుషులు నిలబడి ఉంటారు, పడవ తేలుతూనే ఉంటుంది. ఆ ఫోటో అబద్ధం కాదు. అది ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెబుతుంది, అడుక్కి పోతుందా లేదా అని. గాలివానలో, చిన్నపిల్లలతో, క్యాబిన్‌లో ఎవరో పడుకుని ఉన్నప్పుడు ఏమవుతుందన్నది ఫోటో తీసి చూపించే విషయం కాదు.

సరే, ఫోమ్ దగ్గరికి వద్దాం. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మొట్టమొదట చూడాల్సింది ఇదే, కానీ అందరూ మోటారు ఎన్ని గంటలు నడిచిందో చూస్తారు, తెరచాప మరకలు చూస్తారు, దీని జోలికే పోరు. బెర్తు మీద కుషన్ ఎత్తండి, కింద మూత ఉంటుంది, అది తీసి టార్చ్ వేసి చూడండి. తెల్లటి థర్మాకోల్ దిమ్మెలు, మన ఊళ్లో టీవీ అట్టపెట్టెలో వచ్చే సరుకే, పెద్ద పెద్దవి లోపల ఇరికించి కనపడాలి. కనపడకపోతే పాత ఓనరు ఐస్‌బాక్స్ పెట్టుకోవడానికో, యాంకర్ తాళ్లు దాచుకోవడానికో తీసి పారేశాడని అర్థం. ఈ పని చాలామంది చేస్తారు, అందులో ఏదో తప్పుందని కూడా వాళ్లకి తోచదు, ఎందుకంటే ఏళ్ల తరబడి ఆ దిమ్మెలు ఏ పనీ చేయకుండా చోటు ఆక్రమించుకుని కూర్చుంటాయి. కానీ అవి లేని మెక్‌గ్రెగర్ మునగని పడవ కాదు. ఎంత తీశారో అంత ముందుగా మునుగుతుంది. దిమ్మెలు ఉంటే చేత్తో ఒకసారి లాగి చూడండి, వదులుగా ఊగుతుంటే కూడా మంచిది కాదు, నీళ్లు నిండినప్పుడు ఫోమ్ పైకి తన్నుకొస్తుంది, దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేకపోతే అది తలుపులోంచి బయటికి వెళ్లిపోయి తాను మాత్రం హాయిగా తేలుతుంది. ఇంకో సంగతి, థర్మాకోల్‌కి పెట్రోలు పడదు, తగిలిన చోటల్లా కరిగిపోతుంది. మోటారుకి పెట్రోలు ట్యాంకులు పెట్టే పడవ కాబట్టి ఎక్కడైనా కారిన ఆనవాలు ఉందేమో, దిమ్మెలు గుంటలు పడ్డాయేమో చూసుకోవాలి.

ఫోమ్‌కి వయసు వస్తుందన్న సంగతి చిన్న పడవల్లో ఇంకా బాగా తెలుస్తుంది. సన్‌ఫిష్ అని ఒకరో ఇద్దరో ఎక్కే పడవ ఉంటుంది, ఇక్కడ గరాజ్ సేల్స్‌లో కూడా దొరుకుతుంది. మూసేసిన హల్ (పడవ ఒళ్లు), లోపల ఫోమ్ దిమ్మెలు. కొత్తగా ఉన్నప్పుడు 120, 130 పౌండ్ల మధ్య ఉండే హల్, అంచు దగ్గర సన్నటి పగులు పడి ఏళ్ల పాటు నీళ్లు తాగితే ఇద్దరు ఎత్తలేనంత అవుతుంది. పైకి ఏమీ తెలియదు, కదిలిస్తే నీళ్ల చప్పుడు కూడా ఉండదు, ఎందుకంటే నీళ్లు ఫోమ్‌లోకే ఇంకిపోయి ఉంటాయి. డెక్‌లో (పడవ పైభాగంలో) చిన్న కంత కోసి ఫ్యాన్ పెట్టి వారాల తరబడి ఆరబెట్టుకుంటారు. బాత్రూమ్ స్కేల్ తీసుకెళ్లి కొనేముందే తూకం వేయమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. 1961లో లైఫ్ మ్యాగజైన్ ఫోటోల్లో రంపంతో రెండు ముక్కలుగా కోసినా తేలిన బోస్టన్ వేలర్ అనే ఫోమ్ నింపిన మోటారు పడవ కథ అందరికీ తెలుసు, కానీ ఆ పాత వేలర్లలోనూ సరిగ్గా పూడ్చని స్క్రూ రంధ్రాల గుండా ఫోమ్‌లోకి నీళ్లు చేరి బరువెక్కినవి ఉన్నాయి. ఫోమ్ ఉంది అంటే సరిపోదు, ఆ ఫోమ్ పొడిగా ఉందా అన్నది అడగాలి.

ఇక అసలు భయపడాల్సిన విషయం. మెక్‌గ్రెగర్ మాన్యువల్‌లోనే స్పష్టంగా రాసి ఉంటుంది: ట్యాంకు పూర్తిగా నిండి లేకపోతే ఈ పడవ తనంతట తాను తిరిగి నిలబడదు, 60 డిగ్రీలు దాటి ఒరిగితే బోల్తా పడొచ్చు. నిండి ఉంటే గాలి గట్టిగా కొట్టి పడుకోబెట్టినా లేచి నిలబడుతుంది. మళ్లీ చెబుతున్నా, పూర్తిగా నిండాలి. సగం నిండిన ట్యాంకు కొంతలో కొంత మేలు అనుకోకండి, నిండుకుండ తొణకదు అన్నట్టే ఇదీ, సగం నీళ్లు పడవ ఎటు ఒరిగితే అటే పరిగెత్తి ఇంకా ఒరగదోస్తాయి. నింపాక క్యాబిన్ లోపల గాలి పోయే రంధ్రంలో వేలు పెట్టి చూడాలి, ట్యాంకు పై అంచుకి ఒక అంగుళం లోపు నీళ్లు తగలాలి. తగలకపోతే ఇంకా నిండలేదు, లేదా పడవ ముందుకో వెనక్కో వాలి గాలి లోపల ఇరుక్కుంది. మనుషుల్ని అటూ ఇటూ జరిపి మళ్లీ చూడాలి. ఆ తర్వాత వాల్వ్ మూసి, రంధ్రానికి ప్లగ్గు బిగించాలి. ఇదంతా పది నిమిషాల పని. ఖాళీ ట్యాంకుతో మోటారు మీద వేగంగా వెళ్లొచ్చన్నది ఈ పడవకి ఉన్న పెద్ద ఆకర్షణ కాబట్టి ఈ పది నిమిషాలు చాలామందికి బద్ధకం. ఖాళీ ట్యాంకుతో వెళ్తే ఎంతమంది ఎక్కాలో, తెరచాపలు ఎందుకు ఎత్తకూడదో, ఎంత అల దాకా ఫరవాలేదో మాన్యువల్‌లో ఉంది. దాన్ని ప్రింట్ తీసి క్యాబిన్ తలుపు పక్కన అతికించుకోండి.

2002 జులై 4న వెర్మాంట్ దగ్గర లేక్ చాంప్లేన్‌లో ఒక మెక్‌గ్రెగర్ 26 బోల్తా పడింది. సెలవు రోజు, పడవ మీద పరిమితికి మించిన జనం, బ్యాలస్ట్ ట్యాంకు ఖాళీ. క్యాబిన్ లోపల ఉన్న ఇద్దరు పిల్లలు చనిపోయారు. పడవ మాత్రం అడుక్కి పోలేదు. మునగని పడవలో పిల్లలు మునిగిపోయారు, ఇంతకంటే వివరంగా నేను చెప్పలేను. నడిపేవాడికి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, అందర్నీ సంతోషపెట్టాలనే ఉంటుంది. మన వీకెండ్లు గుర్తు తెచ్చుకోండి. నాలుగు కుటుంబాలు వస్తాయి, బిర్యానీ ట్రేలు, కూలర్లు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఇంకో ఇద్దరు సర్దుకుంటే సరిపోతుందండీ అంటూ ఎక్కించుకోవడం, ఎండగా ఉందని పిల్లల్ని క్యాబిన్‌లోకి తోలడం. కారులో అయితే సర్దుకోవచ్చు. పడవలో పైన కూర్చున్న ప్రతి మనిషీ బరువుని పైకి తెచ్చినట్టే, అందరూ ఒకేసారి ఫోటో కోసం ఒకవైపుకి వస్తే ఆ పడవకి 60 డిగ్రీలు ఏమంత దూరం కాదు. వచ్చినవాళ్లు నొచ్చుకున్నా సరే, రెండు ట్రిప్పులు వేయండి. పెద్దవాళ్లని "మీరు తర్వాతి ట్రిప్పుకి రండి మామయ్యా" అనడం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అనాలి.

లైఫ్ జాకెట్ల విషయం కూడా చెప్పేస్తాను. టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం, మెక్‌గ్రెగర్ రెండు అంగుళాల తేడాతో అందులోకే వస్తుంది. పెద్దవాళ్లు కూడా వేసుకోండి, సీటు కింద పెట్టిన జాకెట్ బోల్తా పడ్డాక చేతికి దొరకదు. అయితే జాకెట్ వేసుకున్న పిల్లని క్యాబిన్‌లో కూర్చోబెట్టి తెరచాపలు ఎత్తడం మాత్రం చేయకండి, పడవ తలకిందులైతే అదే జాకెట్ ఆ పిల్లని పైకి, అంటే అప్పటికి కప్పుగా మారిన నేలకేసి నొక్కి పెడుతుంది, తలుపు దాకా కిందికి మునిగి రానివ్వదు. గాలి ఉన్న రోజు పిల్లలు బయట, కళ్లెదురుగా.

పోనీ ట్యాంకు నిండే ఉంది, బోల్తా పడలేదు, ఏదో గుద్దుకుని చిల్లు పడింది అనుకుందాం. అప్పుడు ఫోమ్ తన పని తాను చేస్తుంది. కానీ "తేలుతుంది" అంటే ఎలా తేలుతుందో ఊహించుకోండి. వెనక 200 పౌండ్లు దాటిన మోటారు ఉంది, ఆ వైపు కిందికి దిగుతుంది. లోపలి నీళ్లు అటూ ఇటూ పోతుంటాయి కాబట్టి పడవ నిలకడగా ఉండదు, చిన్న అలకే పక్కకి వాలుతుంది. మీరు నడుము లోతు నీళ్లలో కూర్చుని ఉంటారు, ఆ నీళ్లు తోడి పారబోయడం బకెట్‌తో అయ్యే పని కాదు. మే నెలలో అయితే అది ఇబ్బంది మాత్రమే. ఫిబ్రవరిలో టెక్సస్ లేక్‌లలో నీళ్లు ఒంటిని కొద్దిసేపట్లోనే మొద్దుబార్చేంత చల్లగా ఉంటాయి. అయినా సరే పడవని వదలకూడదు. ఒడ్డు దగ్గరే కదా, ఈదేద్దాం అనిపిస్తుంది, ఈదకండి. తల ఒక్కటే కనిపించే మనిషి కంటే తేలుతున్న పడవ రక్షించేవాళ్లకి చాలా దూరం నుంచి కనపడుతుంది. నా దృష్టిలో ఆ ఫోమ్ అసలు విలువ ఇదే, పట్టుకుని ఉండటానికి ఒక వస్తువుని మిగులుస్తుంది. అంతకుమించి దాని నుంచి ఆశించకూడదు.

దీన్ని సరిగ్గా నేర్పేది పిల్లల పడవల దగ్గర. హైదరాబాద్ వెళ్లినప్పుడు హుస్సేన్ సాగర్‌లో పిల్లలు ఆప్టిమిస్ట్ పడవల మీద నేర్చుకోవడం చూశాను. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ డిజైన్ చేసిన 2.3 మీటర్ల డబ్బా లాంటి పడవ అది. అందులో ఫోమ్ కాదు, గాలి నింపిన మూడు సంచులు ఉంటాయి, రెండు పక్కల రెండు, వెనక ఒకటి, బెల్టులతో కట్టి. నీళ్లలోకి దిగేముందు ఒక పాప ఒక్కో సంచినీ బొటనవేలితో నొక్కి, బెల్టు లాగి, మెత్తగా ఉన్నదానికి నోటితో గాలి ఊది మూత బిగించింది. తోడే డబ్బా తాడుతో పడవకి కట్టి ఉందో లేదో చూసుకుంది. ఎవరూ చెప్పక్కర్లేకుండా చేసింది. ఆ తర్వాత కావాలనే బోల్తా కొట్టించి, మళ్లీ నిలబెట్టి, నీళ్లు తోడి ఎక్కడం ప్రాక్టీస్ చేస్తారు. ఒక సంచిలో గాలి తగ్గితే పడవ నీళ్లు నిండినప్పుడు ఆ వైపుకే వాలిపోతుంది, తోడినకొద్దీ నీళ్లు మళ్లీ వస్తూనే ఉంటాయి, అందుకే అంత శ్రద్ధ. అక్కడే రేసులు జరిగే లేజర్ పడవల్లో హల్ మొత్తం మూసి ఉంటుంది, వెనక ఒక చిన్న బిరడా, అది పెట్టడం మరిచిపోతే హల్ నెమ్మదిగా నిండుతుంది. పెద్ద పడవలు కొనే మనలాంటి పెద్దవాళ్లకి ఆ పాప చేసిన తనిఖీలో సగం కూడా అలవాటు లేదు.

చట్టం చూసుకుంటుందిలే అనుకునేవాళ్లకి ఒక మాట. అమెరికాలో 20 అడుగుల లోపు పడవలకి ఫోమ్ లాంటి ఏర్పాటు తప్పనిసరి అనే ఫెడరల్ నియమం ఉంది కానీ తెరచాప పడవలకి అందులో మినహాయింపు ఇచ్చారు. అంటే చిన్న సెయిల్‌బోట్‌లో ఫోమ్ ఉందంటే ఆ కంపెనీ తనంతట తాను పెట్టిందన్నమాట. యూరప్‌లో బెల్జియం వాళ్ల ఎటాప్, ఇంగ్లండ్ వాళ్ల సాడ్లర్ పడవల్లో కొన్ని మోడల్స్‌లో హల్ రెండు పొరల మధ్య ఫోమ్ నింపి, బరువైన కీల్ ఉన్నా మునగకుండా చేశారు. అవి గట్టి పడవలు, నాకు చాలా ఇష్టం, కానీ ట్రైలర్ మీద తిప్పుకునేవి కావు, ఇక్కడ దొరకడమూ కష్టం.

మిగతా రివ్యూ త్వరగా ముగిస్తాను. తెరచాప మీద 26ఎం వేగం అంతంతమాత్రం, పక్కన పోయే మామూలు కీల్ పడవలు దాటిపోతాయి. నీళ్ల పైన ఎత్తు ఎక్కువ కాబట్టి పక్కగాలి ఉన్నప్పుడు డాక్ దగ్గర పెట్టడం ఓర్పుతో చేయాల్సిన పని, మధ్యలో ఉన్న డాగర్‌బోర్డ్ (నీళ్లలోకి దించే పలక) కొద్దిగా దించి ఉంచితే మాట వింటుంది. మాస్ట్ (తెరచాప స్తంభం) ఎత్తడం ఒక్కరే చేయొచ్చు కానీ ఇద్దరైతే మంచిది, పైన కరెంటు తీగలు ఉన్నాయేమో ర్యాంప్ దగ్గర తలెత్తి చూడండి, అల్యూమినియం మాస్ట్ అది. క్యాబిన్ విశాలం, రాత్రి లేక్ మధ్యలో యాంకర్ వేసి పడుకుంటే ఆ సుఖమే వేరు. టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ బేలో వాతావరణం చూసుకుని వెళ్లొచ్చు, సముద్రం లోపలికి మాత్రం ఈ పడవతో వద్దు.

కొనడానికి వెళ్లినప్పుడు అమ్మేవాడిని మూడు అడగండి: ఫోమ్ ఎక్కడెక్కడ ఉంది, మూతలు తీసి చూపిస్తారా, ట్యాంకు నింపి నీళ్ల మీద చూపిస్తారా. మూడోది ఒప్పుకుంటే ట్యాంకు నింపాక ఒక అరగంట ఆగి క్యాబిన్ అడుగున బిల్జ్‌లో చెయ్యి పెట్టి చూడండి, తడి తగిలితే ట్యాంకు కారుతోందని అర్థం, ధర దగ్గర మాట్లాడుకోవచ్చు. దిమ్మెలు తీసేసిన పడవ అయితే కొత్త ఫోమ్ కొని అదే కొలతకి కోసి గట్టిగా బిగించుకోవచ్చు, అదేమీ పెద్ద ఖర్చు కాదు. మోటారుకి మంచి సర్వీసింగ్ చేయించడానికి అయ్యేదానికంటే తక్కువలోనే అయిపోతుంది, ఫోమ్ బిగించడం పూర్తయ్యేదాకా పిల్లల్ని ఎక్కించకండి.